ఊపిరికి వీలునామా

"గొట్టం తీసింది నేనే సార్," అంది రిబ్కా. "సీఐ గారికి చెప్పాను. సాయంత్రం మేజిస్ట్రేటు గారికీ అదే చెబుతాను."

తెనాలి పోలీసు స్టేషన్‌లో వెనక గది అది. బల్లకి ఒకవైపు రిబ్కా, రెండోవైపు డిటెక్టివ్ ప్రకాశరావు కూర్చున్నారు. గుమ్మం దగ్గర స్టూలు మీద ఆడ కానిస్టేబులు ఉంది. రిబ్కా కట్టుకున్న తెల్లచీర అంచుకి సమాధుల దొడ్డి మట్టి ఇంకా అంటుకునే ఉంది. నిన్న మధ్యాహ్నం రేపల్లెలో పెద్దమ్మని పాతిపెట్టి గేటు దాటుతుండగానే ఆమెని జీపెక్కించారు.

ఆ పెద్దమ్మ పేరు అన్నమ్మ. రేపల్లెలో లూథరన్ బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. పిల్లల్లేరు. చెల్లెలు పురిట్లో పోతే ఆ పసిగుడ్డుని తెచ్చుకుని పెంచింది. ఆ పసిగుడ్డే రిబ్కా. ఇప్పుడు బాపట్లలో ఒక ఆస్పత్రిలో నర్సు. అన్నమ్మకి పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, దాని మీద ఊపిరితిత్తులకి నిమ్ము చేరితే తెనాలిలో ఒక నర్సింగ్ హోములో చేర్చారు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఆదివారం సాయంత్రం రిబ్కా ఆ గొట్టం తీసేసింది. చీకటి పడకముందే అన్నమ్మ పోయింది.

"ఎందుకు తీశావమ్మా?" అన్నాడు ప్రకాశరావు.

"తియ్యమంది కాబట్టి."

"ఎప్పుడంది?"

"పెదనాన్న పోయినప్పుడండి. ఆయన గొట్టాలతో ఎండాకాలమంతా మంచాన పడున్నారు. చివర్లో మనిషిని కూడా గుర్తుపట్టలేదు. పాతిపెట్టి వచ్చాక పెద్దమ్మ నా చెయ్యి బైబిలు మీద పెట్టించింది. 'నాకు ఆ గతి పట్టనీకు రిబ్కా. గొట్టాలు పెడితే నువ్వే తియ్యి. ఇల్లూ పొలం ఎవరికివ్వాలో కాగితం మీద రాయొచ్చు గానీ, ఎట్టా చావాలో రాసుకోడానికి కాగితం లేదు. నీ నోటి మాటే నా కాగితం' అంది."

"అది రెండేళ్ళ కిందటి మాట. మొన్న శుక్రవారం కూడా నువ్వు వచ్చావు. ఆ రోజు తియ్యలేదే?"

రిబ్కా తల దించుకుంది. "ధైర్యం చాల్లేదండి. డాక్టరు గారు బాగుపడొచ్చు అన్నారు. నేను రోజూ చూసే రోగులే వేరు, పెంచిన తల్లి వేరు."

"మరి ఆదివారానికి ధైర్యం ఎలా వచ్చింది?"

ఆమె చీర అంచుకున్న మట్టిని గోటితో గిల్లింది.

"గేటు దగ్గర బావ కలిశాడు. జ్ఞానానందం బావ. 'పొద్దున్నించీ అత్త గొట్టం వంక చూపిస్తా తియ్యమని సైగ చేస్తోంది. నీ కోసమే ప్రాణం పట్టుకుని ఉంది, నీ మాట ఎప్పుడు నిలబెట్టుకుంటావు' అన్నాడు. ఏడ్చాడు కూడా."

"ఈ సంగతి సీఐ గారికి చెప్పావా?"

"ఆయన అడగలేదండి. తీసిన చెయ్యి నాది. మధ్యలో బావని ఇరికించడం ఎందుకు? నా కోసం ప్లీడరుని కూడా మాట్లాడుతున్నాడంట."

ప్రకాశరావు లేచాడు. సాయంత్రం నాలుగింటికి ఆమెని కోర్టులో హాజరుపరుస్తారు. ఇప్పుడింకా తొమ్మిది కాలేదు.

సీఐ హనుమంతరావు ముందుగదిలో ఇడ్లీ పొట్లం విప్పుకుంటున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచిలో ఎస్సైలుగా చేరారు. ప్రకాశరావు ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అతను ఎదురుపడితే హనుమంతరావుకి పన్ను సలిపినట్టు ఉంటుంది.

"ఒప్పుకుంది కదా. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. "రేపల్లెలో డాబా, భట్టిప్రోలు దగ్గర మాగాణి. రెండూ ఆ పిల్ల పేరన వీలునామా ఉంది. ముసలావిడ కోలుకుంటుందని డాక్టరు అన్నాడు. కోలుకుంటే ఆస్తి ఆలస్యమౌతుంది. గొట్టం పీకేసింది."

"వీలునామా పూర్తిగా చదివావా?"

"చదవకుండా కేసు కడతానా? ఇల్లూ పొలం రిబ్కాకి. మిగతాది ఏమన్నా ఉంటే మేనల్లుడు జ్ఞానానందానికి. మిగతాది అంటే ఇత్తడి బిందెలు, రెండు బీరువాలు."

"కింద సాక్షులెవరు?"

"సరోజిని అని ఇంకో టీచరు. రెండోది లూకా."

"లూకా ఎవరు?"

హనుమంతరావు చెయ్యి ఇడ్లీ దగ్గర ఆగింది. "ఆ పిల్ల మొగుడు. నిన్ను పెట్టుకున్నవాడే. అయితే ఏంటి?"

"హిందువులకైతే ఏమీ కాదు. క్రైస్తవులకి వారసత్వ చట్టం వేరుగా ఉంది. వీలునామాకి సాక్షి సంతకం పెట్టినవాడికి గానీ, వాడి భార్యకి గానీ అందులో ఏదన్నా రాసి ఉంటే ఆ భాగం చెల్లదు. వీలునామా నిలుస్తుంది, రిబ్కాకి రాసింది మాత్రం పోతుంది. పోయింది వెళ్ళి ఆ 'మిగతాది'లో కలుస్తుంది."

"అంటే డాబా, మాగాణి..."

"ఇత్తడి బిందెలతోపాటు జ్ఞానానందానికే."

హనుమంతరావు నెమ్మదిగా నవ్వాడు. "ఈ చట్టం ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు."

"తెలీకపోతే ఆశ ఉన్నట్టే కదా. బీరువా పగలగొట్టినవాడికి లోపల ఏమీ దొరక్కపోయినా వాడు దొంగే. తియ్యమని రెండేళ్ళ కింద చెప్పిందంట. చావుకి వీలునామా ఏంటి ప్రకాశరావ్? ఏ చట్టంలో ఉంది? ఉందనుకున్నా, ఆ ముసలావిడ మనసులో ఏముందో చెప్పడానికి ఆవిడ లేదు."

చివరి మాట ప్రకాశరావు మనసులో నాటుకుంది. ఆ మనసులో ఏముందో తెలుసుకోవడమే ఇప్పుడు తన పని.

లూకా బయట ఎదురుచూస్తున్నాడు. బాపట్లలో హైస్కూలు మాస్టారు. రెండు రాత్రులు నిద్రలేని మొహం. నర్సింగ్ హోముకి నడుస్తుండగా ప్రకాశరావు అతన్ని ఒక్క ప్రశ్నే అడిగాడు.

"వీలునామాకి మిమ్మల్ని సాక్షిగా పెట్టమన్నది ఎవరు?"

"జ్ఞానానందమేనండి. ప్లీడరు దగ్గర గుమాస్తా కదా, కాగితం అంతా వాడే టైపు చేయించుకొచ్చాడు. 'బయటివాళ్ళెందుకు, ఇంటి అల్లుడివి నువ్వే పెట్టు' అన్నాడు. మర్యాదకి అంటున్నాడనుకున్నాను."

అన్నమ్మ ఉన్న గదికి పోలీసులు వేసిన తాళాన్ని కాపలా కానిస్టేబులు తీశాడు. ఇనప మంచం, నల్లటి ఆక్సిజన్ సిలిండరు, దాని మెడకి చుట్టిన ఎర్ర రబ్బరు గొట్టం ఉన్నాయి. మంచం పక్కన స్టూలు మీద ఎండిపోయిన బత్తాయి తొక్కలు ఉన్నాయి. పోలీసుల ఫొటోలన్నీ సిలిండరు చుట్టూ తీసినవే. ప్రకాశరావు సిలిండరు వంక ఒకసారి చూసి మంచం దగ్గర వంగాడు.

పక్షవాతం వచ్చింది కుడివైపు. కుడివైపు చువ్వకి ఏమీ లేదు. ఎడమవైపు చువ్వకి గాజుగుడ్డ ముడి ఒకటి వేలాడుతోంది. విప్పింది కాదు, కత్తెరతో కత్తిరించింది.

ఆయా రాజమ్మని పిలిపించాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"ఈ ముడి ఏంటమ్మా?"

"నాకేం తెలీదు బాబూ. నాకు కోర్టులూ అవీ వద్దు."

"రిబ్కా ఎలాంటిదో నీకు తెలుసా?"

"వచ్చినప్పుడల్లా దుప్పటి తనే మార్చేది. నన్ను చెయ్యనిచ్చేది కాదు."

"అయితే ఆ పిల్ల కోసం చెప్పు."

రాజమ్మ కొంగు మొహానికి అద్దుకుంది. "గొట్టం పెట్టినోళ్ళు తెలివి లేక పీకేసుకుంటారు బాబూ. అందుకని చెయ్యి కడతాం. ఈవిడికి కుడి చెయ్యి ఎట్టాగూ రాదు, ఎడం చెయ్యి కట్టాను. తర్వాత కోసేశాను."

"ఎందుకు?"

"పీకడం లేదు కదా. శుక్రవారం దాకా గోడ వంక చూస్తా పడుకునేది. శనివారం రేపల్లె నించి టీచరమ్మ వచ్చి వెళ్ళింది. ఇక ఆ తర్వాత మనిషే మారిపోయింది. జావ పడితే తాగింది. సాయంత్రం ప్లాస్టరు ఊడి గొట్టం జారితే ఆవిడే ఎడం చేత్తో ముక్కుకి అదుముకుని పట్టుకుంది. నేను వచ్చిందాకా వదల్లేదు."

"ఆదివారం పొద్దున తియ్యమని ఏమన్నా సైగ చేసిందా?"

"లేదయ్యా. నిద్రకి ఇంజెక్షను చేశారు. సాయంత్రానికి గానీ కళ్ళు తెరవలేదు."

రాజమ్మ వెళ్ళిపోయింది. లూకా గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. లెక్కల మాస్టారు, ఒకళ్ళు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. చావాలనుకున్న మనిషికి ఒక చెయ్యి పనిచేస్తోంది. ఆ చేతికి కట్టు లేదు. గొట్టం అందుబాటులోనే ఉంది. ఆ చెయ్యి గొట్టాన్ని లాగలేదు, పట్టుకుంది.

"పెద్దత్తయ్యకి బతకాలని ఉందా సార్?" అన్నాడు.

"పదండి. రేపల్లె వెళదాం," అన్నాడు ప్రకాశరావు.

సరోజిని ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. తలుపు తీసి, ప్రకాశరావు వెనక లూకాని చూడగానే ఆమె మొహం బిగుసుకుపోయింది.

"ఆ అబ్బాయి బయటే ఉండాలి. నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు," అంది.

లూకా అరుగు మీద కూర్చున్నాడు. ప్రకాశరావు లోపలికి వెళ్ళాడు.

"శనివారం అన్నమ్మగారికి మీరేం చెప్పారు టీచర్ గారూ?"

"ఇప్పుడు చెప్పి ఏం లాభం? మా తమ్ముడు కోర్టులో అమీనుగా చేశాడు. మాటల్లో వీలునామా సంగతి వస్తే, లూకా సంతకం ఉంటే రిబ్కాకి చిల్లిగవ్వ రాదన్నాడు. ఆ కాగితం మీద రెండో సాక్షిని నేనే. వెంటనే తెనాలి వెళ్ళి అన్నమ్మకి చెప్పాను."

"అప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

"జ్ఞానానందం ఉన్నాడు. బత్తాయి ఒలుస్తున్నాడు. నేను చెప్పేదంతా వింటూ ఒలుస్తూనే ఉన్నాడు."

"అన్నమ్మగారు ఏమన్నారు?"

"మాట లేదు కదండి. నా అరచేతిలో వేలితో 'రి' అని రాసింది. మళ్ళీ రాసింది. ఎక్కిళ్ళు పెట్టింది. నేనన్నాను, 'ఏడవకు, ఏ వీలునామా అయినా ఆఖరి శ్వాస దాకా మార్చుకోవచ్చు. చివర రాసిందే చెల్లుతుంది. సోమవారం రిజిస్ట్రారుని నీ మంచం దగ్గరికే తీసుకొస్తాను. తెలివుంటే చాలు, వేలిముద్ర వేసినా సరిపోతుంది' అని. తలూపింది. గొట్టాలు వద్దనేదానివి కదా అని నేనే అడిగాను. తల అడ్డంగా ఊపి, ఆ గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని చూపించింది. ఉండనీ అని. రిబ్కాకి న్యాయం చేసిందాకా ఉండనీ అని."



"రిబ్కాకి ఈ సంగతి చెప్పమన్నారా?"

"సోమవారం సెలవు పెట్టి రావాలి కదా మరి. జ్ఞానానందం 'నేను చెబుతాలెండి టీచరుగారూ' అన్నాడు. చెప్పే ఉంటాడు. అయినా ఆ పిల్ల ఒక్కరోజు ఆగలేకపోయింది. నిన్న సమాధుల దొడ్లో నన్ను పట్టుకుని ఏడవబోతే చెయ్యి తోసేశాను. పెంచిన తల్లి బతుకుతానంటే చంపిన దాన్ని ఎలా ముట్టుకోను?"

"అతను చెప్పలేదండి," అన్నాడు ప్రకాశరావు. "తలకిందులు చేసి చెప్పాడు. తియ్యమని సైగ చేస్తోందన్నాడు. రెండేళ్ళ కిందటి మాట ఒక్కటే ఆ పిల్లకి తెలుసు. శనివారం అన్నమ్మగారు ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆ సంగతి తెలిసిన ఇద్దర్లో మీరు రేపల్లెలో ఉన్నారు. అతను గేటు దగ్గర ఉన్నాడు."

సరోజిని లేచి వీధి తలుపు పూర్తిగా తెరిచింది. అరుగు మీద లూకా మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఉన్నాడు. ఆమె అతని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. "మంచినీళ్ళు తాగుతావా నాయనా?" అంది.

తెనాలి బస్సులో ముగ్గురూ ఒకే వరుసలో కూర్చున్నారు. భట్టిప్రోలు దాటాక లూకా నోరు విప్పాడు.

"రిబ్కాకి చెప్పకండి సార్. పెద్దమ్మ కోరిక తీర్చానని అది ఆ ఒక్క ఆధారం పట్టుకుని ఉంది. జైలుకి వెళ్ళినా బతుకుతుంది. ఇది తెలిస్తే బతకదు."

చెప్పకపోతే ఆమెకి యావజ్జీవం, జ్ఞానానందానికి డాబా. చెబితే ఏం మిగులుతుందో ప్రకాశరావుకీ తెలియదు.

వాళ్ళు స్టేషన్ చేరేసరికి మూడున్నర దాటింది. వరండాలో బెంచీ మీద జ్ఞానానందం కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, చేతిలో ఫైలు. లూకాని చూడగానే లేచి అతని భుజం పట్టుకున్నాడు.

"ఎక్కడికి వెళ్ళావు లూకా? మా ప్లీడరు గారు చూస్తానన్నారు. రిబ్కా వకాలత్తు మీద సంతకం పెట్టేసింది. జడ్జీ ముందు వంకర లేకుండా ఒప్పేసుకుంటే జాలి చూపిస్తారంట." అప్పుడు వెనక సరోజిని కనపడింది. అతని చెయ్యి లూకా భుజం మీద నుంచి జారిపోయింది. "మీరెందుకు వచ్చారు టీచరుగారూ, ఇంత ఎండలో?"

"నువ్వు చెబుతానన్నది చెప్పావో లేదో కనుక్కుందామని వచ్చాను," అంది సరోజిని.

జ్ఞానానందం ప్రకాశరావు వైపు తిరిగాడు. అతని మొహంలో భయం లేదు. "అత్త సైగలు నాకు ఒకలా అర్థమయ్యాయి. ఈవిడికి ఇంకోలా అర్థమయ్యాయి. మాట లేని మనిషి సైగ మీద ఏ కోర్టు తీర్పు చెబుతుంది సార్?"

హనుమంతరావు తన గదిలో మొత్తం విన్నాడు. ఈసారి నవ్వలేదు. కానీ ఫైలు కూడా మూయలేదు.

"అతను మోసగాడే, ఒప్పుకుంటాను. కానీ ఏం పట్టుకుని అరెస్టు చెయ్యను? ఇంజెక్షను మత్తులో ఉన్న మనిషి సైగ చేసిందని అబద్ధం చెప్పాడంటావు. గేటు దగ్గర ఆ మాట విన్నది ఎవరు?"

"రిబ్కా."

"ఆవిడ ఆ మాటే చెప్పడం లేదు. బావ ఊసే ఎత్తడం లేదు. ఇప్పుడు సంతకం పెట్టిన ప్లీడరు అతని మనిషి. కోర్టులోకి వెళ్ళి ఒప్పేసుకుందంటే నేనే కాదు, ఎవడూ ఏమీ చెయ్యలేడు." అతను గొంతు తగ్గించాడు. "ఆవిడ నోరు తెరవాలంటే ఎందుకు తెరవాలో నువ్వు చెప్పాలి. నేను చెప్పలేను ప్రకాశరావ్. నాకూ పెంచిన మేనత్త ఉంది."

మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళారు. రిబ్కా మొహం కడుక్కుని, జడ వేసుకుని, కోర్టుకి సిద్ధంగా ఉంది. పొద్దుటి కంటే తేటగా కనిపించింది. హనుమంతరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ప్లీడరు గారు చెప్పినట్టే చేస్తాను సార్," అంది. "మీరు శ్రమపడకండి. లూకాకి చెప్పండి, నాకు భయంగా లేదని."

"రిబ్కా, నీకొక సంగతి చెప్పాలి."

"మీకే నేనొకటి చెప్పాలండి. పొద్దున చెప్పలేదు. ఇది నాకూ పెద్దమ్మకీ మధ్య సంగతి, కాగితాల్లోకి ఎందుకని దాచుకున్నాను. కానీ మీరు నా కోసం రేపల్లె దాకా వెళ్ళొచ్చారంట." ఆమె ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. "తప్పు చేస్తున్నానేమోనని ఆ క్షణంలో నాకూ భయం వేసింది సార్. గొట్టం మీద చెయ్యి వేసి, 'పెద్దమ్మా, మాటిచ్చాను కదా, తీసేస్తున్నా' అన్నాను. మత్తులోంచి కళ్ళు తెరిచింది. ఎడం చెయ్యి ఎత్తి నా చెయ్యి పట్టుకుంది. ఇదిగో, ఇక్కడ. కళ్ళెంట నీళ్ళు కారాయి. నన్ను దీవించి పంపింది. అది చాలు నాకు. ఎన్నేళ్ళు వేసినా ఉంటాను."

హనుమంతరావు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆడ కానిస్టేబులు అతన్ని వింతగా చూసింది. రిబ్కా కూడా చూసింది. తర్వాత ప్రకాశరావు వంక చూసింది.

"ఏంటండి?" అంది.

ప్రకాశరావు కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. శనివారం సరోజిని ఏ పని మీద వచ్చిందో చెప్పాడు. 'రి' అని అరచేతిలో రాసిన సంగతి చెప్పాడు. ప్లాస్టరు ఊడినప్పుడు అన్నమ్మ ఏం చేసిందో చెప్పాడు. జ్ఞానానందం బత్తాయి ఒలుస్తూ ఏం విన్నాడో చెప్పాడు. ఎక్కడా మాట మెత్తగా చెయ్యడానికి ప్రయత్నించలేదు. మెత్తగా చెప్పే దారి అందులో లేదు.

ఆమె ఏడవలేదు. మధ్యలో ఆపలేదు కూడా. అంతా విని, తన మణికట్టు మీద ఉన్న తన వేళ్ళని ఒక్కొక్కటే విప్పింది. వాటి కింద సన్నగా నాలుగు గోళ్ళ గాట్లు ఉన్నాయి. రెండు రోజులుగా చీర కొంగు కింద దాగి, ఇంకా మానకుండా ఉన్నాయి.

"గట్టిగానే పట్టుకుంది సార్," అంది రిబ్కా. "నేనే విడిపించుకున్నాను."

బయట జీపు స్టార్టు చేశారు.

"బావ గేటు దగ్గర ఏమన్నాడో జడ్జీగారికి చెబుతాను," అంది లేస్తూ. "ప్రతి మాటా చెబుతాను. ఆ తర్వాత నన్ను మాత్రం విడిపించొద్దు."

ప్రకాశరావుకి అప్పుడు భయం వేసింది. కేసులో గెలిచాడు. ఈ మనిషిని ఈ రాత్రి ఒంటరిగా ఉంచకూడదు. ఆ మాట హనుమంతరావుతో చెప్పడానికి అతని వైపు తిరిగేలోగానే, హనుమంతరావు కానిస్టేబులుతో అంటున్నాడు.

"ఆవిడ పక్కనుంచి కదలకు. తెల్లారిందాకా చెయ్యి వదలకు."